మంచుబండికి ముందు బంపర్

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా బతుకు బంపర్లతోనే గడిచింది. కోవెంట్రీలో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో టూల్‌రూమ్ మనిషిని. బంపర్ వంపులూ రంధ్రాలూ ఉండాల్సిన చోట ఉన్నాయో లేవో సరిచూసే చట్రాలు చేయడం నా పని. ఒక్క రంధ్రం గోరంత పక్కకు జరిగినా ఆ బంపర్ కారుకు పట్టదు. అందుకని బంపర్ అంటే ఏమిటో నాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదనుకునేవాణ్ణి. బండి దేన్నయినా గుద్దుకున్నప్పుడు అన్నిటికంటే ముందు దెబ్బ తినేది బంపర్. అంతే.

మొన్నటి చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం అల్లుడు ఫోన్ చేశాడు.

అతనిది వరంగల్ దగ్గర. మాది తెనాలి వైపు. ఎమ్మెస్సీ చదవడానికి కోవెంట్రీ వచ్చి, ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరికీ కొండలంటే పిచ్చి. ఇప్పుడు స్కాట్లండ్‌లో, హైలాండ్స్ కొండల మధ్య ఒక చిన్న స్కీ సెంటర్‌లో పనిచేస్తున్నారు. అతను వర్క్‌షాప్‌లో లిఫ్టులూ బండ్లూ బాగుచేస్తాడు. అమ్మాయి ప్యాట్రోల్‌లో ఉంటుంది. స్కీయింగ్ చేస్తూ పడి కాలో చెయ్యో విరిగినవాళ్ళను స్లెడ్జి మీద పడుకోబెట్టి కిందికి తీసుకురావడం ఆ ప్యాట్రోల్ పని. ఆ స్లెడ్జిని లాక్కొచ్చేది స్నోమొబైల్. మా ఆవిడ దాన్ని మంచుబండి అంటుంది కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ముందు రెండు స్కీలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా, మోటారు సైకిల్ మీద ఎక్కినట్టు ఎక్కి కూర్చోవాలి.

"మామా, మంచుబండి ముంగటి బంపర్ మొత్తం వంకర పోయింది," అన్నాడు. వెనక ఏదో గ్రైండర్ తిరుగుతోంది. పైగా అక్కడి గాలి ఫోన్లోంచి ఇక్కడికి వీస్తున్నట్టుంది.

"ఎలా వంగింది బాబూ?"

"గుంజ..." అన్నాడు. మిగతా మాట గ్రైండర్ మోతలో కలిసిపోయింది. మళ్ళీ గొంతు వినిపించేసరికి, "...పోయిన సీజన్లనే మామా," అంటున్నాడు.

నాకు అర్థమైందనుకున్నాను. మా వైపు గుంజ అంటే నేలలో పాతే కర్ర. పందిరి వేసేది గుంజల మీదే, గేదెను కట్టేది గుంజకే. అంతకు ముందు ఏడు వెళ్ళినప్పుడు ఆ కొండ చూశాను. పడిన మంచు గాలికి కొట్టుకుపోకుండా వాలు పొడవునా చెక్క దడులు కట్టి ఉంటాయి. ఎటు చూసినా గుంజలే. బండి వెళ్ళి ఒకదాన్ని గుద్దుకుంది, బంపర్ వంగింది. ఇందులో వింతేముంది?

"కొత్తది కొనలేకపోయావా?"

"బండి పాతది గద మామా. కంపెనోళ్ళు దానికి బంపర్ చేసుడు బంద్ చేసిండ్రు. బయటోళ్ళు చేసేది ఆన్‌లైన్ల తెప్పించిన. మా మోడల్‌కు పడతది అని రాసిండ్రు గాని, ఒక్క బోల్టు కూడ పడలే. వాపస్ పంపిన. ఇప్పుడు ప్యాట్రోల్ పెద్దాయన ఒక్కటే మాట అన్నడు. సెంటర్ తెరిచేలోపట ముంగట గట్టి బంపర్ లేకుంటే ఈ బండి పైకి పోదన్నడు."

"ఇంకో బండి లేదూ?"

"ఉన్నది. అది నేర్చుకునేటోళ్ళ వాలుకే సరిపోతది. అవతలి లోయకు పోయేది ఇదొక్కటే. ఇది లేకుంటే మీ బిడ్డ స్లెడ్జి పట్టుకొని నడిచే పోవాలె."

ఆ లోయ కూడా నేను చూశాను. అంచు దాకా వెళ్ళకుండా దడి పట్టుకునే చూశాను.

"బంపర్‌ను బండికి పట్టి ఉంచే బ్రాకెట్లు విప్పి పార్సెల్ చెయ్యి. ఫోటోలు పంపు. నేను చేస్తాను," అన్నాను.

పక్క గదిలోంచి మా ఆవిడ వచ్చింది. "ఏం చేస్తారు?"

"మంచుబండికి బంపర్."

"మేడ మెట్లెక్కాలంటే కీళ్ళ నొప్పులు. గ్యారేజీ ఊడ్చమంటే నడుం నొప్పి. బంపర్ చేయడానికి మాత్రం ఏ నొప్పీ లేదన్నమాట."

"అది అమ్మాయి ఎక్కే బండి."

ఆ మాట విని టీ పెట్టడానికి వెళ్ళింది.

హైస్కూల్లో చేరిననాటి నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. ఆ సాయంత్రం పేజీలో "బంపర్ చేయాలి" అని రాసుకున్నాను. రాసినది చేయకపోతే మర్నాటి పేజీ తెరవబుద్ధి కాదు. ఈ మొండితనం మంచిదో కాదో తెలియదు గాని, ఇన్నేళ్ళు నన్ను నడిపింది అదే.

బ్రాకెట్లు వచ్చాయి. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట కత్తిరించి రంధ్రాల మూస చేసుకున్నాను. అది సరిపోయాక రేకు మీద చేసుకున్నాను. ఆన్‌లైన్లో బయటివాళ్ళు అమ్మే బంపర్ల బొమ్మలు కూడా చూశాను. అన్నీ ఒకే రకం: ఒక సన్నని గొట్టం, కింద నుంచి పైకి వంపు తిరిగి, మధ్యలో అంతా ఖాళీ. గాలిలో వేలాడుతున్నట్టుంది. ఇది గుంజ దెబ్బకు ఏం ఆగుతుంది అనుకున్నాను. పాత బంపర్ ఫోటోలో ఒకటి మాత్రం నాకు తేడాగా కనిపించింది. గుద్దుకుంటే గొట్టం లోపలికి నొక్కుకుపోవాలి. ఇది బయటికి సాగినట్టుంది. విప్పేటప్పుడు అల్లుడు గడ్డపార వేసి పెకలించి ఉంటాడులే అని సర్దిచెప్పుకున్నాను.

గొట్టం వంచే యంత్రం నా దగ్గర లేదు. ఊరవతల గేట్లు చేసే పంజాబీ మిత్రుడు ఉన్నాడు, ఫ్యాక్టరీలో నాతో పనిచేసినవాడు. అతని షెడ్డుకు వెళ్ళాను.

"భాయ్‌సాబ్, కోవెంట్రీలో మంచు పడి ఎన్నాళ్ళయింది? హాయిగా ఒక గేటు చేసుకో. కనీసం ఎవరైనా తెరుస్తారు," అన్నాడు.

"ముందు నీ యంత్రానికి నూనె వెయ్యి. దాని అరుపు మా ఇంటి దాకా వినిపిస్తోంది," అన్నాను.

మొదటి గొట్టం వంపు దగ్గర నొక్కుకుపోయింది. రెండోది సరిగ్గా వంగింది గాని ఎడమ వైపు కుడి కంటే దిగువకు వచ్చింది. అతను ఫరవాలేదన్నాడు. నాకు ఫరవా ఉంది. మూడోది చేశాను. వేళ్ళు బిగుసుకుపోతే వేడి టీ గ్లాసు చుట్టూ పెట్టుకుని, సాగాక మళ్ళీ పని. గొట్టం ఒకటి సరిపోదని దాని వెనక ఇంకొకటి వేశాను. గుంజ మొన మధ్యలోంచి దూరి ఇంజిన్‌కు తగలకుండా రెండు గొట్టాల మధ్య ఖాళీని మందపాటి ఇనప ప్లేటుతో మూసేశాను. మనవైపు కొత్త కారు ఇంటికి రాగానే దాని ముందు లావుపాటి గార్డు బిగిస్తారు. కారు బంపర్ మీద నమ్మకం ఉండదు, దానికి కాపలాగా ఇంకొకటి కావాలి. ఎన్నేళ్ళు ఈ దేశంలో బంపర్లు కొలిచినా ఆ బుద్ధి నాలోంచి పోలేదు.

ఎరుపు రంగు వేయమని మా ఆవిడ చెప్పింది. మంచులో కనబడాలి కదా అంది. ఆరాక ప్లేటు మధ్యలో పసుపు రాసి బొట్టు పెట్టింది. అప్పుడు చూసుకుంటే ముచ్చటగానే ఉంది.

దాన్ని పాత దుప్పటిలో చుట్టి కారు వెనక పెట్టాను. మిగిలిన గొట్టం ముక్కలు కూడా పెట్టాను, పారేయడం నాకు చేతకాదు. మా ఆవిడ పులిహోర డబ్బా, ఫ్లాస్కు పెట్టుకుంది. ఉత్తరానికి దారి చాలా పొడవు. మధ్యలో ఒక లాడ్జిలో పడుకుని, మర్నాడు చేరాం. దారి పొడుగునా ప్రతి గతుకుకూ ఆవిడ వెనక్కి తిరిగి చూసేది.

"బంపర్‌కేం కాదు. గుద్దినా ఏం కాదు," అన్నాను.

"నేను పులిహోర డబ్బా చూస్తున్నాను," అంది.

వర్క్‌షాప్‌లో అల్లుడు మా కోసం హీటర్ పెట్టి ఉంచాడు. దుప్పటి విప్పాను. అతను చూసి, "అబ్బో!" అన్నాడు. బిగించాం. బోల్టులన్నీ వేళ్ళతో తిప్పితేనే లోపలికి పోయాయి. ఒక్క రంధ్రమూ తప్పలేదు. నేను నిటారుగా నిలబడి నడుం వెనక్కి వంచుకున్నాను. అల్లుడు మాత్రం మధ్యలో మూసేసిన ప్లేటును రెండుసార్లు చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అంతలో అమ్మాయి వచ్చింది. కొండ మీద నుంచి తిన్నగా వచ్చినట్టుంది, బూట్లకు మంచు, చేతులకు దిండుల్లాంటి లావు తొడుగులు. నన్ను కావలించుకుని, బండి ముందుకు వెళ్ళి వంగింది. తొడుగు వేసిన చెయ్యి ప్లేటు మీద పెట్టింది. అటు జరిపింది, ఇటు జరిపింది. గొట్టం కింద నుంచి పెట్టబోయింది, దూరలేదు. తలుపు తట్టినట్టు ప్లేటు మీద తట్టింది.

"డాడ్, వేర్ డు ఐ హోల్డ్ ఇట్?"

"ఎక్కడ పట్టుకోవాలంటోంది," అంది మా ఆవిడ, నాకు ఇంగ్లీషు రానట్టు.

"పట్టుకోవడం దేనికి? ఇది బంపర్. గుంజకు తగిలితే బండికి దెబ్బ తగలకుండా ఆపుతుంది."

"ఏ గుంజ మామా?" అన్నాడు అల్లుడు.

"నువ్వే కదా చెప్పావు! గుంజకు తగిలి వంగిందని!"

అతను నోరు తెరిచి నన్ను చూశాడు. "గుంజకు కాదు మామా. గుంజుడుకు! గుంజుడుకు వంగింది అన్న. మంచుల కూరుకపోతే బంపర్ పట్టి గుంజుతరు గద. లాగుడు, మామా, లాగుడు!"

గుంజడం అనే మాట నాకు తెలియక కాదు. ఫోన్లో సగం మాట విని, తెలిసిన సగాన్ని నేనే అతికించుకున్నాను. మా ఆవిడ ముందు పెదవి కొరుక్కుంది. తర్వాత ఆగలేక పక్కనున్న టైరు మీద కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"గేదెను కట్టేద్దామనుకున్నారా దానికి?" అంది.

"నువ్వు బొట్టు పెట్టినప్పుడు అడగాల్సింది."

"నేను బంపర్ల మేస్త్రీనా?"

అమ్మాయి నవ్వలేదు. బండి ముందు కూర్చుని ఆ పాత బంపర్ ఎలా వంగిందో చెప్పింది. తను ఇంగ్లీషులోనే చెప్పుకుపోయింది. పోయిన చలికాలం అవతలి లోయలో ఒక పెద్దావిడ తొడ ఎముక విరిగి పడి ఉంది. ముసురు పట్టి హెలికాప్టర్ రాలేదు. వీళ్ళ బండి ఆమెకు కొద్ది దూరంలో మెత్తటి మంచులో ముక్కు దాకా దిగిపోయింది. అమ్మాయీ తోటి ప్యాట్రోలరూ బంపర్ పట్టుకుని లాగారు. బండి రాలేదు, గొట్టమే వీళ్ళ చేతుల్లోకి సాగి వచ్చింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. పారలతో తవ్వి బండిని తీసేసరికి ఆవిడ పెదవులు నీలంగా అయిపోయాయి.

"షీ వాజ్ సో కోల్డ్, డాడ్. షీ కెప్ట్ సేయింగ్ సారీ టు అస్." ఆవిడే వీళ్ళకు సారీ చెబుతూ ఉందట. ఆవిడ బతికింది. కానీ అమ్మాయి ఇదంతా అప్పట్లో మాకు చెప్పలేదు, అమ్మ కంగారుపడుతుందని.

మా ఆవిడ నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. టైరు మీద నుంచి లేచి వెళ్ళి అమ్మాయి తొడుగులు విప్పి, చేతులు తన చేతుల్లో పెట్టుకుని రుద్దుతోంది.

ప్యాట్రోల్ పెద్దాయన కూడా వచ్చి చూశాడు. పొడుగాటి స్కాట్లండ్ మనిషి, తెల్ల గడ్డం. బంపర్ చుట్టూ తిరిగాడు, వెల్డింగును వేలితో తడిమాడు. పని చాలా బాగుందన్నాడు. కానీ దీన్ని పైకి పంపలేనన్నాడు. బరువుకు ముక్కు ఇంకా త్వరగా దిగిపోతుంది, దిగిపోయాక పట్టుకోవడానికి చోటు లేదు. సెంటర్ ఎల్లుండి తెరుస్తున్నారు. అవతలి లోయకు ఇక నడిచే వెళ్తామన్నాడు.

"రేపు సాయంత్రం దాకా ఆగండి," అన్నాను.

"డాడ్, లీవ్ ఇట్. యూ మస్ట్ బీ టైర్డ్," అంది అమ్మాయి.

"అలిసిపోయాను. రేపు పొద్దున లేస్తాను."

మర్నాడు తెల్లారగానే మొదలుపెట్టాం. ఈసారి గొట్టం ముట్టుకోకముందే అడిగాను. ఎలా లాగుతారో చూపించమన్నాను. అమ్మాయి బూట్లు, తొడుగులు వేసుకుని బండి ముందు గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ దూరందూరంగా పెట్టి, బరువంతా వెనక్కి వేసి, పైకీ ముందుకీ ఒకేసారి లాగింది. చేతులు మధ్యకు రాలేదు. మధ్యలో పట్టుకుంటే పక్కనున్నవాళ్ళకు చోటుండదట. తొడుగు చేతిని అట్ట మీద పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీశాను. నా ఉత్త చెయ్యి పక్కన పెట్టి చూస్తే రొట్టె పక్కన చెంచాలా ఉంది. ఆన్‌లైన్లో వాళ్ళు అమ్మే గొట్టాల మధ్య అంత ఖాళీ ఎందుకో అప్పుడు అర్థమైంది. అది చేతులకు వదిలిన చోటు.

నేను గీసినచోట అల్లుడు గ్రైండర్‌తో ప్లేటు కోశాడు.

"బొట్టు మీద కొయ్యకండి బాబూ!" అని అరిచింది మా ఆవిడ తలుపు దగ్గర నుంచి.

"బొట్టు భద్రం అత్తమ్మా!"

వెనక గొట్టం కూడా తీసేశాం. నేను తెచ్చిన ముక్కలతో రెండు పక్కలా చేతులు దూరేంత వెడల్పు వంపులు చేశాం. ఇక బ్రాకెట్ల సంగతి. గుద్దితే దెబ్బ వెనక్కి పోతుంది కాబట్టి ముందున్న బోల్టులు చాలు. లాగితే బోల్టులే ఊడి వస్తాయి. అందుకని కింద నుంచి రెండు పట్టీలు వెనక్కి తీసుకెళ్ళి బండి అసలు చట్రానికి బిగించాలి. బోర్లా పడుకుంటే తప్ప అక్కడికి చెయ్యి అందదు.

"నేను పోత మామా."

"రంధ్రం ఎక్కడ పడాలో నాకు తెలుసు."

"మీరు పోతె మళ్ళ మిమ్మల్ని నేను గుంజాలె."

"గుంజు. ఇప్పుడు దాని అర్థం తెలిసింది కదా."

పడుకున్నాను. పైకి లేచేటప్పుడు నిజంగానే నా రెండు చేతులూ పట్టుకుని గుంజాడు.

మధ్యాహ్నం దాటాక మమ్మల్ని మంచు చదునుచేసే పెద్ద బండిలో పైకి తీసుకెళ్ళారు. మా ఆవిడ శాలువా మీద కోటు, కోటు మీద అమ్మాయి జాకెట్టు వేసుకుని నా పక్కన కూర్చుంది. అమ్మాయి మంచుబండిని కావాలనే గాలి పోగుచేసిన మెత్తటి మంచులోకి తోలింది. స్కీలు, ముక్కు, హెడ్‌లైటు అన్నీ మునిగిపోయాయి. ఎర్ర గొట్టం పై అంచు మాత్రం కనబడుతోంది. మంచులో కనబడాలని ఎరుపు వేయమన్న మనిషి నా వైపు ఒకసారి చూసింది.

పెద్దాయన ఇద్దరినే లాగమన్నాడు. నిజంగా అవసరం పడినప్పుడు అంతకంటే ఎక్కువమంది ఉండరు. అమ్మాయి ఒక పక్క, అల్లుడు ఒక పక్క. తొడుగు చేతులు వంపుల్లోకి సులువుగా దూరాయి. లాగారు. బండి కదల్లేదు. నా కళ్ళు బండి మీద లేవు, గొట్టం మీదే ఉన్నాయి. మళ్ళీ లాగారు. ఏదో కిర్రుమంది. పెద్దాయన చెయ్యి పైకెత్తబోయాడు, ఆపమనడానికి.

"ఆపకండి! గుంజండి!" అని అరిచాను. అంత గట్టిగా అరిచి ఎన్నేళ్ళయిందో.

గుంజారు. కిర్రుమన్నది గొట్టం కాదు, స్కీ కింద గడ్డకట్టిన మంచు. అది విడిపోయి, బండి ముక్కు నీళ్ళలోంచి గేదె తల లేచినట్టు లేచింది. అమ్మాయి ఈసారి పడలేదు. కాళ్ళ మీదే నిలబడి ఉంది.

నేను జేబులోంచి స్టీలు స్కేలు తీసి గొట్టం మీద ఆనించాను. సందు లేదు. పెద్దాయన కూడా వంగి, స్కేలు కింద నుంచి వెలుతురు వస్తోందేమో చూశాడు. పట్టీల బోల్టులు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. లేచి, రేపు ఇది అవతలి లోయకు వెళ్తుందని అమ్మాయితో చెప్పాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

కోసి తీసిన ప్లేటును ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆవిడ దాని అంచులు నాతో నున్నగా రుద్దించి భోజనాల బల్ల మీద పెట్టుకుంది. పొయ్యి మీద నుంచి దించిన చారు గిన్నె ఇప్పుడు దాని మీదే పెడుతుంది, బొట్టు కనబడేలా కొంచెం పక్కకు.

చలికాలం నడిమధ్యలో అల్లుడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి వెనక గ్రైండర్ లేదు.

"మామా, ఇయ్యాల గుంజినం."

నేను కూర్చున్నచోటి నుంచి లేచాను. "ఎక్కడ?"

"అవతలి లోయల. ఒకాయన మోకాలు తిరిగిపోయింది. బండి మళ్ళ గట్లనే కూరుకపోయింది. మీ బిడ్డ గుంజింది. ఆయన ఒళ్ళు చల్లబడకముందే కిందికి తెచ్చినం."

"బంపర్?"

"ఫోటో పంపుత. మీరే చూడుండ్రి."

ఫోటో వచ్చింది. మంచు అంటుకున్న ఎర్ర గొట్టం, దాని మీద ఒక లావు తొడుగు చెయ్యి. గొట్టం తిన్నగానే కనిపించింది. అయినా కంటిచూపును నేనెప్పుడూ నమ్మను. ఫోన్ బల్ల మీద పెట్టి, ఫోటోను పెద్దది చేసి, స్కేలు ఆనించి చూశాను. మా ఆవిడ చారు గిన్నె పట్టుకుని వస్తూ చూసి నవ్వింది. నవ్వితే నవ్వింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిచాను. తిన్నగానే ఉంది.